గ్లౌజుకు వేసిన అతుకు

చిన్నా,

ఇవాళ నీ చెల్లెలు రాణి స్కూలు హాకీ టీముకు సెలెక్టయింది. ఇంటికి వస్తూనే నీ గ్లౌజు కావాలంది. ఐదేళ్లుగా ట్రంకుపెట్టెలో ఉన్నదాన్ని తీసి ఇచ్చాను. తొడుక్కుని హాకీ కర్ర పట్టుకుంది. "ఏందమ్మా, అరచేతిలో ఇంత మందంగా ఉంది? కర్ర పట్టుకున్నట్టే లేదు" అంది.

అప్పుడు నువ్వూ అదే మాటన్నావు. చీరాల మ్యాచికి ముందురోజు, గ్లౌజు చిరిగిందనుకుని అరచేతి దగ్గర దుప్పటి గుడ్డ రెండు మడతలు వేసి కుట్టేశాను. "చిరిగింది కాదమ్మా, నేనే కోశా. కర్ర చేతికి తెలియాలి" అన్నావు. "బంగారంలాంటి గ్లౌజు కోసుకుంటావా, బుద్ధుందా నీకు?" అని అరిచాను. నువ్వు గ్లౌజు తీసి సంచిలో పెట్టుకున్నావు.

నాకు తెలియని సంగతా అది? మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు చేతులు ఎంత మండినా నేనూ గుడ్డ చుట్టుకోను. చుట్టుకుంటే తొడిమ వేళ్లకు తెలియదు. ఆ రోజు అది తట్టలేదు.

మ్యాచ్ అయ్యాక వాడరేవులో సముద్రంలోకి దిగావట. నీ సంచి ఒక్కటే ఇంటికొచ్చింది.

రాణి కోసం అతుకు విప్పుదామని ఇందాక బ్లేడు పట్టుకుని కూర్చున్నాను. నా కుట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. గుడ్డ మీద కర్ర రాసుకుని నల్లబడిన చార ఉంది. విప్పుకోవడం నిమిషం పని కదా నాన్నా. ఒక్క కుట్టూ తెంపకుండా ఆ మ్యాచంతా ఆడావా?

బ్లేడు పక్కన పెట్టేశాను. రాణికి కొత్త గ్లౌజు కొంటాను. ఆ గ్లౌజు అరచేతి దగ్గర నేనే కోసిస్తాను.

అమ్మ