పేడ ఎరువు మడి

అక్కా, నేను క్షేమం, నా పని కూడా క్షేమం. పోయిన కార్డు చూసి పెట్టుకున్న కంగారు మానెయ్యి.

ఏ ఎరువుకు ఎలా పెరుగుతుందో చూడాలని తోటలో అశ్వగంధ రెండు మడులు వేశారు. యూరియా మడి నా జోడీగాడిది, పేడ ఎరువు మడి నాది. వాడి మొక్కలు నడుం దాకా ఏపుగా లేచాయి. నావి మోకాలు దాటలేదు. "ఏరా పొట్టీ, మొక్కలకూ నీ పోలికే వచ్చిందే!" అని వాడు రోజూ ఎగతాళి. నాక్కాస్త యూరియా ఇమ్మని మేస్త్రీని బతిమాలాను. "ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా" అన్నాడు. నన్ను వెళ్ళగొట్టడానికే ఈ ఎత్తు అనుకుని, మానేసి వచ్చేస్తున్నానని నీకు రాసిపారేశాను.

నిన్న తవ్వారు. ఈ మొక్కకు మందంతా వేరులోనే ఉంటుందని నాకెవడు చెప్పాడు? వాడి వేళ్ళు దారప్పోగులు. నావి బొటనవేలంత లావు! వచ్చే పంటకు తోటంతా పేడ ఎరువేనట, ఆ పని నాదేనట. సంతోషించాల్సింది పోయి ఒళ్ళు మండింది. "ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని మేస్త్రీ మీద అరిచాను.

"చెబితే నీ మడికి దొంగచాటుగా నీళ్ళు ఎక్కువ పెట్టేవాడివి. ఇంక చూసేదేముంది?" అన్నాడు.

నిజమే, పెట్టేవాణ్ణే.

బావ నా కోసం ఎవరినీ పని అడగొద్దు. చంటిదానికి జ్వరం తగ్గిందా? నా పాత చొక్కాలు రెండు పంపు. నేను వస్తున్నానని అమ్మ ఈపాటికి తన మంచం నాకు వదిలి కింద పడుకుంటూ ఉంటుంది. ఇవాళే మళ్ళీ మంచమెక్కించు.

నీ తమ్ముడు