గోడ లేవకముందే

విద్యాసాగర్ అంకుల్ గారికి నమస్కారం.

ఈ ఉదయం అబిడ్స్‌లో మేం కడుతున్న బిల్డింగులో సిమెంటు దుమ్ము ఎండలోకి లేచి, కిందికి దిగడం మరిచిపోయినట్టు నిలబడింది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. అది కొత్త గోడను చెక్కిన దుమ్మని కాసేపటికి గాని తట్టలేదు. వైరింగుకు ఈసారి కొత్తవాళ్లు వచ్చారు. వైర్ల పైపులు దూర్చడానికి, కట్టేసిన గోడనే పగలగొడుతున్నారు. తప్పు వాళ్లది కాదు, మేమే ఆలస్యంగా పిలిచాం. అది చూడలేక మా మేస్త్రి వేరే పని వెతుక్కుంటానంటున్నాడు.

నా చిన్నప్పుడు, మా బిల్డింగులకు వైరింగు చేసే రోజుల్లో మీరు నాన్నగారితో అన్న మాట నాకు గుర్తుంది. "గోడ లేవకముందే పిలువుండ్రి సార్. తర్వాత పిలిస్తే సుత్తి పట్టుకొనే వస్త. మీ మేస్త్రి మొత్తుకుంటే నాకేం సంబంధం లేదు."

నాన్నగారు నవ్వారు. అయినా ప్రతి బిల్డింగుకూ మళ్లీ కొటేషన్లు పిలిచేవారు. అవి తేలేసరికి గోడలు లేచిపోయేవి. చివరికి మీరు రావడం మానేశారు.

నేను ఒక ఇల్లు ఊహించుకుంటూ ఉంటాను. అది ఇంకా కాగితం మీద ఉండగానే, మీ వైర్లు ఏ గోడలో నడుస్తాయో మా మేస్త్రికి తెలుసు. మధ్యాహ్నం మీవాళ్లూ మావాళ్లూ ఒకచోటే క్యారేజీలు విప్పుకుంటారు. ఎక్కడా సుత్తి చప్పుడు ఉండదు.

అందుకే అడుగుతున్నాను. ఈ ఒక్క పనికే కాదు, వచ్చే ఐదేళ్లలో మేం కట్టే ప్రతిదానికీ మీ ఎలక్ట్రికల్ కంపెనీ మాతో ఉంటుందా? ఒప్పందం రాసుకుందాం. కొటేషన్ల కోసం మిమ్మల్ని మళ్లీ తిప్పించుకోం.

జవాబు నాంపల్లి ఆఫీసుకు, నా పేరు మీదే రాయండి. దసరా నుంచి నాన్నగారి కుర్చీలో నేనే కూర్చుంటున్నాను.