నాన్న కర్రల పొడుగు

అమ్మా,
ఇక్కడ కులాసా, దగ్గు తగ్గింది. గోల్ఫ్ ఐరన్లు, అదే బంతి కొట్టే ఇనప కర్రలు, కొత్తవి కొందామని మొన్న షాపుకెళ్లాను. రెడీమేడ్ సెట్టు సరిపోతుందా, కొలతలిచ్చి చేయించుకోవాలా అని అడిగితే, షాపాయన నాన్న పాత ఐరన్ అడుగున టేపు అంటించి నాచేత కొట్టించాడు. నేలకి రాసుకుని టేపు మీద గీతలన్నీ ఒక పక్కనే పడ్డాయి.

"ఇది మీకు బాగా పొడుగండీ. అందుకే బంతి ఎడమకి పోతోంది. ఎవరిది?"

"మా నాన్నగారిది."

"ఆయన మంచి పొడగరి అన్నమాట."

నాన్న నా చెవి దాకానే వస్తారని చెప్పాను. షాపాయన టేపు పీకేసి కర్రని మళ్లీ ఒకసారి కొలిచాడు.

నేను కొలతలిచ్చేశాను. నాన్నవీ కావాలి. బూట్లేసుకుని నిటారుగా నిలబడ్డప్పుడు మణికట్టు నుంచి నేల దాకా కొలిచి రాయి. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పు, ప్యాంటుకని మాత్రం అనకు, నమ్మరు. ఈ కార్డు నాన్నకి చదివి వినిపించేటప్పుడు ఇదంతా దాటెయ్యి.

వంటింటి కుళాయి బాగయిందా? చెల్లి నా గొడుగు వాడుకోవచ్చు, పోగొట్టకూడదు.

బంతి ఎడమకి పోయినప్పుడల్లా "నా చెయ్యే అంత" అనుకుని నాన్న ఆట మానేశారు. తప్పు చేతిది కాదని నువ్వూ చెప్పకు, నేనూ చెప్పను. కొత్త ఐరన్ పట్టుకున్నాక బంతే చెబుతుంది.

ఉంటాను,
నీ పెద్దది