పాడుబడ్డ ఊరికి కాపలా

ప్రాచీన స్థలాల శాఖ దొరగారికి,

యార్క్‌షైర్ నుంచి గొర్రెలు కాసుకునే హెస్టర్ బ్లెంకిన్ నమస్కారాలు. మా బీడు నిండా గుంతలే. సూడి గొర్రె అందులో వెల్లకిలా పడితే తనంతట తాను లేవలేదు, కడుపుబ్బి చస్తుంది. నిన్న పెద్ద గుంతలో ఒకటి పోయింది. ఆ గుంతలు పూడ్చుకోనివ్వండి.

ఇట్లు, హెస్టర్

తా.క.: ఇది నిలబడే రాస్తున్నా, ఒక కన్ను కిటికీ మీదుంచి. అక్షరాలు వంకరపోతే గొర్రెల్ననండి.

---

గౌరవనీయులైన బ్లెంకిన్ అమ్మగారికి,

అవి గుంతలు కావు, ఆగిల్‌థోర్ప్ గ్రామం. పొడుగాటిది వీధి, పక్కనున్నవి ఇళ్లు. ఐదొందల ఏళ్ల కిందట ఊరి దొర గొర్రెలు పెంచుకోవాలని జనాన్ని వెళ్లగొట్టాడు. ఒక్క పార మట్టి కదిపినా చరిత్ర క్షమించదు. గొర్రెలనే తరలించగలరు.

భవదీయుడు, క్రిస్పిన్ లూడ్లో, బి.ఎ.

తా.క.: మా పటం ప్రకారం మీ గొర్రె పోయింది అప్పటి పాస్టరుగారి వంటింట్లో. పిలవని పేరంటం.

---

క్రిస్పిన్ బాబుకి,

అప్పుడు గొర్రెల కోసం మనుషుల్ని తరిమారు. ఇప్పుడు లేని మనుషుల కోసం గొర్రెల్ని తరమమంటావా? బాగుందయ్యా న్యాయం! నాకున్నది ఈ ఒక్క బీడే. ఈ ఏడు ఈతలు పోతే మంద అమ్ముకుని నేనూ ఊరొదలాల్సిందే. మీ చరిత్ర అంత ముద్దైతే ఓ మనిషిని పంపు, ఇక్కడే పడుండి, పడ్డదాన్నల్లా లేపుతాడు.

ఒళ్లు మండి, హెస్టర్

తా.క.: నకలు మీ పై అధికారికీ పంపా.

---

అమ్మగారూ,

కొంప ముంచారు. మా పెద్దాయనకు వెటకారం తెలియదు. 'చరిత్ర మీద ఇంత మమకారమున్న రైతా!' అని కళ్లు తుడుచుకుని కాపలా ఉద్యోగం మంజూరు చేశారు. అందులో నన్నే వేశారు. నేను గొర్రెను పళ్లెంలో తప్ప చూడలేదు. వేళాకోళానికన్నానని వెంటనే రాయండి.

వణుకుతూ, క్రిస్పిన్

తా.క.: ఒకవేళ రావాల్సొస్తే, ఎటు పట్టుకుని లేపాలి?

---

బాబూ,

వేళాకోళమెవడికి? వచ్చెయ్. ఉన్ని పట్టుకుని దొర్లించు. లేవగానే వదిలెయ్యకు, తూలుతుంది. బీడులోనే కాపరుల బండిగది ఖాళీగా ఉంది. చక్రాలున్నాయి కనక మట్టి తవ్వక్కర్లేదు, మీ చరిత్రకేం కాదు.

హెస్టర్

తా.క.: తెల్ల చొక్కాలు తేకు.

---

అమ్మగారికి,

మీరు కంచె అవతలే ఉన్నా సర్కారీ వ్యవహారం కనుక టపాలో పంపుతున్నాను. ఈతలన్నీ సుఖంగా ముగిశాయి, ఒక్క గొర్రె కూడా పోలేదు. అయితే పెద్దాయనకు కొత్త సందేహం వచ్చింది: ఊళ్లో మనిషి కాపురముంటే అది పాడుబడ్డ ఊరెలా అవుతుంది? నేనున్నాను కనుక ఆగిల్‌థోర్ప్ మా జాబితాలోంచి పోయింది. మీ గుంతలు మీరు నిరభ్యంతరంగా పూడ్చుకోవచ్చు.

విధేయుడు, క్రిస్పిన్

తా.క.: పూడ్చకండమ్మా. ఇప్పుడిది నా ఊరు, నన్నెక్కడికి పొమ్మంటారు?