ఆవిడ అనని మాట

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమేనని నీ పుస్తకం వెనక అట్ట మీది ఫోటోయే చెబుతోంది, కాబట్టి అడగను.

పుస్తకం ఎలా ఉందని అడిగావు. చదువుతుంటే ఒళ్ళు మండింది. నువ్వు ఇక్కడ ఉన్నది నాలుగు రోజులు. అందులో ఒకటిన్నర రోజు జలుబని మా ముందుగదిలో ముసుగుతన్ని పడుకున్నావు. అయినా "ఈ దేశానికి తొందర తెలియదు" అని రాసేశావు. మరి నేను రోజూ తల కూడా సరిగా దువ్వుకోకుండా బస్సు వెంట ఎందుకు పరిగెడుతున్నానట? మా వీధిది "నిద్రమత్తు" అట. నువ్వు లేచేసరికి వీధంతా పనికి పోయింది నాయనా! మీ బావ "మౌనముని" అట. నువ్వు నోరు మూస్తే కదా ఆయన తెరిచేది. చూసింది గోరంత, రాసింది కొండంత.

మళ్ళీ వస్తానన్నావు. నేను పనిచేసే లాండ్రీలో ఇస్త్రీ చేసే పెద్దావిడ ఇంకేమైనా అంటే రాసి పంపమన్నావు. "బట్టల ముడతలు తీయగలను, బతుకు ముడతలు తీయలేను" అని ఆవిడ అన్నట్టు రాశావు కదా, మా యజమాని ఆ పేజీని ఇక్కడి భాషలో రాయించి తలుపుకు అతికించాడు. ఎవరెవరో వచ్చి ఆ మాట మళ్ళీ అనమంటున్నారు. ఫోటోకి కాస్త దిగులుగా నిలబడమంటున్నారు. పదకొండేళ్ళుగా ఆవిడది నా పక్క బల్ల. నాకీ భాష నేర్పింది ఆవిడే. మొన్న నన్ను నిలదీసింది.

"నా బతుక్కేమైందే? ఈ మాట నేనెప్పుడన్నాను?"

ఇంతసేపూ నిన్ను తిట్టాను గానీ తమ్ముడూ, ఆ మాట నాది. నీకూ ఆవిడకీ మధ్య దుభాషిని నేనే కదా. పెన్ను పట్టుకుని "ఏమందక్కా, ఏమంది?" అని నా ముఖంలోకి చూశావు. ఆవిడన్నది మరీ మామూలు మాట. నువ్వు ఉత్త చేతులతో పోతావేమోనని అప్పటికప్పుడు కల్పించాను. నీ కళ్ళు చెమర్చితే గర్వపడ్డాను కూడా. ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న ఆవిడకి నిజం చెప్పేశాను. తిట్టలేదు. తన బల్లను కిటికీ వైపుకి లాక్కుంది. ఈరోజు నా దగ్గరున్న కత్తెర కావలసివస్తే తను అడక్కుండా యజమాని చేత అడిగించింది.

రెండో ముద్రణలో ఆ వాక్యం తీసెయ్. తీయకపోతే మా గడప తొక్కకు. దాని బదులు అసలు మాట వేస్తావో మానేస్తావో నీ ఇష్టం. ఇస్త్రీపెట్టె ఆవిరి వదలబోతూ నీ వైపు చూపించి ఆవిడ అన్నది ఇదీ:

"మీ తమ్ముణ్ణి కాస్త వెనక్కి జరగమనవే, చెయ్యి కాలుతుంది పాపం."

ఇట్లు,
నీ దుభాషి పని మానేసిన
అక్క