చాలమ్మ అడిగిన మాట

నవంబరు 9, ఆదివారం

నీళ్ళ మీద ఉన్న శ్రీవారికి, నేల మీద ఉన్న మీ ఆవిడ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, చంటిదీ, అత్తయ్యా కులాసా. అక్కడ మీరూ, మీ ఓడ ఇంజనూ ఏ మొరాయింపులూ లేకుండా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం ఏ రేవులో అందుతుందో గాని, అందినచోట కూర్చుని నిదానంగా చదవండి. చంటిదానికి ముందు పళ్ళు ఊడాయి, మాట్లాడితే ఈల వేసినట్టుంది. అంతకు మించి దాని కబుర్లు లేవు. ఈసారి ఉత్తరమంతా మీ అమ్మగారి గురించే.

మన వీధి బడిలో ఈ ఏడు పిల్లలు చాలక ఒక గదికి తాళం వేశారు. మా కుట్టు మిల్లులోనూ అంతే, పని మానేసే పెద్దవాళ్ళే గాని కొత్తగా చేరేవాళ్ళు కనిపించడం లేదు. ఇలా అయితే రేపు ఊరు నడిచేదెలా అని సర్కారుకి బెంగ పట్టుకుంది. ఇంకో బిడ్డని కంటే డబ్బిస్తామని చాటింపు వేసింది. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. అప్పుడు జనాభా శాఖ అధికారి మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

కుటుంబ నియంత్రణ ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అత్తయ్య గడప గడపకీ తిరిగి "ఇద్దరు చాలమ్మా, ఇద్దరు చాలు" అని చెప్పీ చెప్పీ, చివరికి తనే చాలమ్మ అయిపోయిన సంగతి మీరెరిగిందే. ఆ చాలమ్మ చేతనే ఇప్పుడు "చాలదు" అనిపించాలని వాళ్ళ ముచ్చట! నాకు నవ్వాగక టీ గ్లాసులతో లోపలికి పారిపోయాను.

అత్తయ్య మాత్రం నవ్వలేదు. "అప్పట్లో నేను చెప్పేదాన్ని, వాళ్ళు వినేవాళ్ళు. ఈసారి నేను అడుగుతాను, వాళ్ళు చెబుతారు. సరేనంటే వస్తాను" అన్నారు. ఆ అధికారి కాసేపు ఆలోచించి, "సరేనండి. వాళ్ళు చెప్పింది పైవాళ్ళకి రుచించకపోతే మనిద్దరం కలిసే తిట్లు తిందాం" అన్నాడు. దాంతో ఆ మనిషి అత్తయ్యకి నచ్చేశాడు.

ఇక చూడండి, మోకాళ్ళ నొప్పులన్నీ ఎటు పోయాయో! రోజూ సాయంత్రం చెప్పులేసుకుని బయలుదేరడమే. మిల్లు నుంచి వచ్చాక నేనూ తోడు వెళ్ళేదాన్ని. బస్సు కండక్టరు ఒకావిడ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "నా పిల్లని డిపోలో సంచుల మధ్య పడుకోబెట్టి పెంచాను చాలమ్మా. రెండోదాన్ని కనాలనే ఉంది. కని ఎక్కడ పడుకోబెట్టను? మీరిచ్చే డబ్బు ఒక్కసారి వస్తుంది. బిడ్డ ప్రతిరోజూ ఉంటుంది కదా!" అంది.

ఇంకో ఇంట్లో ఒక పెద్దావిడ అత్తయ్యని చూడగానే తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఆనాడు నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్ళావు. ఇంకొకళ్ళు కావాలని నా ప్రాణం కొట్టుకుంటుంటే ఒక్క మాటైనా అడిగావా? ఇవాళ నా కూతురికి బోధ చెయ్యడానికి వచ్చావా?" అని నిలదీసింది. అత్తయ్య ఆ మెట్టు మీదే కూలబడ్డారు. "అడగలేదు. పై నుంచి వచ్చిన మాట నీ నెత్తిన పెట్టి పోయాను. నీకు నా మీద ఎంత కోపం ఉన్నా న్యాయమే" అన్నారు. తర్వాత ఆ పెద్దావిడే లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కోపం పోయిందని అనుకోను. కానీ తలుపు మాత్రం వెయ్యలేదు.

చివరికి మునిసిపల్ హాల్లో సభ. రాజధాని నుంచి పెద్దలు వచ్చారు. వేదిక మీదికి పిలిస్తే అత్తయ్య వెళ్ళి మైకు ముందు నిలబడి, "నా గొంతు ఈ ఊరు చాలా ఏళ్ళు వింది. ఇవాళ వీళ్ళది వినండి" అని పక్కకి తప్పుకున్నారు. అప్పుడు ఆ అధికారి తనే లేచి, వైరు సవరించుకుంటూ మైకు కిందికి మోసుకెళ్ళి కండక్టరు చేతికిచ్చాడు. ఆవిడ తర్వాత మిల్లు అమ్మాయిలు, ఆ తర్వాత ఒక తండ్రి కూడా. పెద్దల్లో ఒకాయన వాచీ చూసుకోవడం మానేసి కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. సర్కారు అలా చెవి ఒగ్గి కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

బడిలో తాళం పడిన గది ఇప్పుడు పసిపిల్లల్ని చూసుకునే గది అయింది. మిల్లులో రెండో షిఫ్టు వదిలేదాకా ఆయాలుంటారు. డిపో దగ్గర కూడా ఒకటి పెడతామన్నారు, పెట్టాక నమ్ముతాను. దీంతో పుట్టేవాళ్ళ సంఖ్య పెరుగుతుందో లేదో ఎవరికీ తెలియదు. "పెరగకపోతే?" అని అధికారి అడిగితే, "పుట్టినవాళ్ళు సుఖంగా పెరుగుతారు కదయ్యా" అన్నారట మీ అమ్మగారు. ఆవిడ కోడలినని చెప్పుకోవడానికి ఈమధ్య నాకు ఎంత గర్వంగా ఉంటోందో!

వేళకి తినండి. ఇంజను వేడిలోంచి వచ్చి వెంటనే చన్నీళ్ళు పోసుకోకండి.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క. పైన ఒక సంగతి దాటేశాను. అత్తయ్య మొట్టమొదట అడిగింది నన్నే. వంటింట్లోకి వచ్చి, పరాయి ఇంటికి వచ్చిన మనిషిలా నిలబడి, "నీకు ఇంకో బిడ్డ కావాలని ఉందా అమ్మా?" అన్నారు. ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదండీ. చంటిదానికి తమ్ముడెప్పుడని మీరు రాస్తూనే ఉన్నారు, నేను వేరే కబుర్లతో తప్పించుకుంటూనే ఉన్నాను. లేదన్నాను. ఆయాలు లేకా కాదు, డబ్బు లేకా కాదు. నాకు లేదు, అంతే. మనవడి కోసం ఆవిడ ఎంత ఆశపడుతున్నారో నాకు తెలుసు. నా మాటకి ఆవిడ కళ్ళు చెమర్చాయి కూడా. అయినా ఎందుకని అడగలేదు. నా తల నిమిరి, "వాడికి నువ్వే చెప్పు" అన్నారు. ఇన్నాళ్ళకి చెబుతున్నాను. కోపం వస్తే కోపంగానే రాయండి, మౌనంగా మాత్రం ఉండిపోకండి.