గంగులప్ప బోరుకు లావు కేబులు

మదనపల్లె,
ఆదివారం.

బిడ్డ అల్ఫియాకు మీ అమ్మీ దువాలు.

అల్లా దయతో ఈడ అందరం బాగుండాము. కుప్పంలో చలి ఎక్కువంట గదా, పుంగనూరు నుంచి మీ ఫర్హానా ఖాలా చెప్పింది. నీకని శాలువా కొని పెట్టింది, ఎవురైనా ఆ పక్క వస్తే పంపిస్తాననింది. హాస్టల్లో ఫోను ఇవ్వరని దిగులు పడొద్దు. నీ జాబు చదువుతాంటే నువ్వు పక్కన కూర్చొని మాట్లాడినట్టే ఉండాది.

'అబ్బాకూ గంగులప్ప మామకూ మాటలు కలిసినాయా?' అని అడిగినావు. కలిసినాయి. ఎట్లనో చెప్తాను.

కురబలకోటలో ఆయన పాత బోరు ఇంటి ముందరే, అది ఎండిపోయింది. కొత్తది చేను ఆ కొసన, గుట్ట కింద పడింది. కరెంటు పని మీ అబ్బాదే గాబట్టి, దీనికి లావు కేబులే కావాలన్నాడు.

"పాత మోటారే గదప్పా, పాత వైరు యాల చాలదు?" అన్నాడంట గంగులప్పన్న.

"మోటారు అదే, దూరం అది కాదన్నా. సన్న వైరులో అంత దూరం పోయేలోపల ఓల్టేజి తగ్గిపోతాది. మోటారు మూలుగుతాది, కరెంటు ఎక్కువ గుంజుతాది, వైరు కాగుతాది."

టమోటా చెట్లు వాడిపోతాంటే ఆ మనిషికి ఇదేమీ ఎక్కలేదు. మాట మీద మాట పెరిగింది. వేరే మనిషిని పెట్టుకొని పాత వైరుకే అతుకులేసి లాగించుకున్నాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతాంటే దాని తావున లావు తీగ సుట్టించినాడు. ఆయన్ను నేను తప్పు పట్టను బిడ్డా. కళ్ల ముందర పంట ఎండుతాంటే ఎవురికి నిదానం ఉంటాది?

పోయిన వారం జయలక్ష్మక్క ఫోను చేసింది. "సయీదా, వైరు ముట్టుకుంటే కాలతాండాది. మా ఆయన వినడు. హఫీజన్నకు చెప్పమ్మా" అనింది. మీ అబ్బా తింటాన్న సంగటి ఇడిసిపెట్టి బండి తీసినాడు. నేనూ వెనక కూర్చున్నాను.

మేం పోయేసరికి తుంపర పడతాండాది. అతుకు కాడ వైరు పైతోలు కరిగి, తడి నేలకు కరెంటు దిగింది. ఒక గొర్రె పడి కొట్టుకుంటాండాది. అక్క దాని మీదికి ఉరికింది. "ముట్టొద్దు! గంగులన్నా, మెయిన్ ఆపు!" అని అరిసి, మీ అబ్బా ఆమె కొంగు పట్టి వెనక్కి గుంజినాడు. ఇద్దరూ బండల మీద పడినారు. గంగులప్పన్న ఉరికి మెయిన్ ఆపినాడు. గొర్రె దక్కలేదు. అక్క దక్కింది.

దాచిన మాట ఇప్పుడు చెప్తాను, భయపడొద్దు. ఆ పడడంలో మీ అబ్బాకు కుడి మణికట్టు ఇరిగింది. కట్టు కట్టినారు, నొప్పి తగ్గుతాండాది. పరీక్షల ముందర నీకు చెప్పొద్దన్నాడు. నాకే మనసొప్పలేదు.

ఆస్పత్రిలో గంగులప్పన్న మంచం పక్కన కూర్చొని, "జయలక్ష్మి పోయుంటే నేనేమై పోదును హఫీజూ" అని ఏడ్చేసినాడు. మీ అబ్బా ఎడమ చేత్తో ఆయన భుజం పట్టుకున్నాడు. "పోలేదు గదన్నా. చెట్లకు నీళ్లు కావాల, కేబులు తెద్దాం పా" అన్నాడు.

నిన్న వేసినాము. వేసినామంటే, వేసింది నేనే. మీ అబ్బా చేను గట్టున మంచం మీద కూర్చొని చెప్తాంటే, గంగులప్పన్న కేబులు సుట్ట ఇప్పుతా వచ్చినాడు. నేను యాడా అతుకు లేకుండా పరిచి, ఎర్తు వైరు కలిపి, సరైన ఫ్యూజు పెట్టినాను. ప్రతి స్క్రూ మీ అబ్బా సరిసూసినాకే మెయిన్ వేయనిచ్చినాడు. నీళ్లు దుమికి వచ్చినాయి సూడు, అక్క నన్ను పట్టుకొని వదల్లేదు.

ఉరికి ఇంటికి రావద్దు, పరీక్షలు బాగా రాయి. రేపు నిమ్మనపల్లెలో ఒక ఇంటి పని ఉండాది. ఆయన చెప్తాడు, నేను చేస్తాను. కట్టు ఇప్పినాక నన్ను మళ్లీ ఇంట్లో కూర్చోమంటే మాత్రం కూర్చోను. ఈ మాట ఆయనకింకా చెప్పలేదు, ముందు నీకే చెప్తాండాను.

ఇట్లు,
నిన్నే తలుచుకుంటా ఉండే
మీ అమ్మీ సయీదా